ఈ పాట మనది కూడా
(మహిళల చదువు కేంద్రంలో ఒక టీచరు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!



ఇవాళ మనం పాట గురించి మాట్లాడుకుందాం. సినిమా పాట కాదు. శాస్త్రీయ సంగీతం గురించి. దాన్నే పాటకచేరి అంటాం. కర్ణాటక సంగీతం అని కూడా అంటారు.

రేడియోలో పాటకచేరి మొదలవుతుంది. మనం ఏం చేస్తాం? వెంటనే బిరడా తిప్పేస్తాం. టీవీలో వస్తే ఇంకో చానెలు పెడతాం. "అది మనకు అర్థం కాదులే" అంటాం. "అది చదువుకున్నోళ్ల పాట, గొప్పోళ్ల పాట" అంటాం.

ఒకప్పుడు మనం అక్షరాల గురించి కూడా ఇదే మాట అనుకున్నాం. "చదువు మనకెందుకు? మనకు వస్తుందా?" అనుకున్నాం. ఇప్పుడు మీరు బస్సు మీద బోర్డు చదువుతున్నారు. సంతకం పెడుతున్నారు. ఈ పుస్తకం చదువుతున్నారు. పాట కూడా అంతే. నాలుగు సంగతులు తెలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ పాటకచేరిలో పాడే పాటల్లో చాలా భాగం తెలుగు పాటలే. తమిళనాడులో పాడినా, కర్ణాటకలో పాడినా తెలుగు పాటలు పాడతారు. మన మాటలు వాళ్లు నేర్చుకుని మరీ పాడుతున్నారు. మరి మనం వినకపోతే ఎట్లా?

మీకు తెలిసిన సంగతులే

సంగీతానికి రెండు కాళ్లు. ఒకటి శ్రుతి. రెండోది లయ. పెద్దలు శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు.

లయ అంటే ఏమిటి? రోకలి పోటు గుర్తు చేసుకోండి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు వడ్లు దంచుతారు. ఒక రోకలి పైకి లేస్తే ఇంకో రోకలి కిందికి దిగుతుంది. ఒక్క పోటు ముందు పడినా, వెనక పడినా రోకలికి రోకలి తగులుతుంది. ఆ వరస తప్పకుండా నడవటమే లయ. నాట్లు వేసేటప్పుడు పాట పాడితే చేతులన్నీ ఒక్కసారి వంగుతాయి. అదీ లయే.

శ్రుతి అంటే ఏమిటి? మన పల్లెల్లో 'సుతి' అంటారు. సన్నాయి మేళంలో ఒక మనిషి పాటేమీ వాయించడు. ఒకే శబ్దం 'ఊ...' అని పట్టుకుని ఉంటాడు. అదే శ్రుతి. మిగతా పాటంతా ఆ శబ్దాన్ని ఆనుకుని నడుస్తుంది. బుర్రకథ చెప్పే కథకుడి భుజం మీద తంబురా చూశారా? కచేరిలో కూడా తంబురా ఉంటుంది. దానికి నాలుగు తీగలు. పాడే మనిషి వెనక కూర్చుని ఒకరు మీటుతూ ఉంటారు. ఇప్పుడు తంబురాకు బదులు చిన్న శ్రుతిపెట్టె కూడా వాడుతున్నారు.

చూశారా? శ్రుతి, లయ మీకు ముందే తెలుసు. పేర్లే కొత్త.

ఏడు స్వరాలు

మన అక్షరాలు యాభై పైన ఉన్నాయి. పాటకు అక్షరాలు ఏడే. స, రి, గ, మ, ప, ద, ని. వీటిని స్వరాలు అంటారు. మెట్లు ఎక్కినట్టు 'స' నుంచి 'ని' దాకా గొంతు పైకి పోతుంది. తర్వాత మళ్లీ 'స' వస్తుంది. అది పై స. ఎక్కటాన్ని ఆరోహణ అంటారు. దిగటాన్ని అవరోహణ అంటారు.

మనం 'అ ఆ'లు దిద్దినట్టు, సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట ఈ స్వరాలనే దిద్దుతారు. వాటిని సరళీ స్వరాలు అంటారు. ఈ పాఠాలను వరసగా ఏర్పరచినవాడు పురందరదాసు అని చెబుతారు. ఆయన కన్నడ దేశంలో సుమారు 500 ఏళ్ల కిందట ఉన్నాడు.

రాగం అంటే ముగ్గు

ఇక రాగం. ఈ మాటకే అందరూ భయపడతారు. భయం అక్కర్లేదు.

వాకిట్లో ముగ్గు వేస్తాం కదా! ముందు చుక్కలు పెడతాం. తర్వాత గీతలు కలుపుతాం. ఏ చుక్కలు పెట్టాం, ఎట్లా కలిపాం అన్నదాన్ని బట్టి ముగ్గు మారుతుంది. ఒక ముగ్గు తామరపువ్వు. ఒకటి నెమలి. ఒకటి రథం. ముగ్గుపిండి ఒకటే. చెయ్యి ఒకటే. ముగ్గులు వేరు.

రాగం కూడా అంతే. స్వరాలు చుక్కలు. కొన్ని రాగాల్లో ఏడు స్వరాలూ ఉంటాయి. కొన్ని రాగాల్లో ఐదే ఉంటాయి. మోహన రాగం తీసుకోండి. అందులో స, రి, గ, ప, ద మాత్రమే ఉంటాయి. మ, ని ఉండవు. హిందోళ రాగంలో కూడా ఐదే. కానీ అవి స, గ, మ, ద, ని. చుక్కలు మారాయి. పాట నడక మారింది. వినేవాళ్ల మనసుకు కలిగే భావం కూడా మారింది.

మోహన రాగం ఎట్లా ఉంటుంది? 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో వెన్నెల్లో పడవ మీద వెళుతూ ఒక పాట పాడతారు. ఘంటసాల, పి. లీల పాడారు. అది మోహన రాగమే. అంటే మీరు రాగం వినటం ఎప్పుడో మొదలుపెట్టారు. దాని పేరు మాత్రం ఇవాళ తెలిసింది.

తాళం వేసి చూద్దాం

అందరూ కుడి చెయ్యి తొడ మీద పెట్టండి. ఆదితాళం వేద్దాం. ఇది అన్నిటికన్నా ఎక్కువగా వినపడే తాళం. లెక్క ఎనిమిది.

ఒకటి - అరచేత్తో దెబ్బ వేయండి.
రెండు - చిటికెన వేలు.
మూడు - ఉంగరం వేలు.
నాలుగు - నడిమి వేలు.
ఐదు - దెబ్బ.
ఆరు - చెయ్యి తిప్పండి.
ఏడు - దెబ్బ.
ఎనిమిది - చెయ్యి తిప్పండి.

మళ్లీ ఒకటి నుంచి మొదలు. తొందర పడొద్దు. ఆగొద్దు. రోకలి పోటు గుర్తుంచుకోండి. కచేరిలో ముందు వరసలో కూర్చున్నవాళ్లు తొడ మీద చెయ్యి వేసుకుంటూ చేసేది ఇదే. ఇక మీరూ చేయవచ్చు.

ఒకే మాట మళ్లీ మళ్లీ ఎందుకు?

"మాట సాగదీస్తారు. ఒకటే మాట పదిసార్లు అంటారు" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

పొలం గట్టు మీద నిలబడి దూరంగా ఉన్న మనిషిని ఎట్లా పిలుస్తాం? "ఓ లచ్చమ్మో...ఓ..." అని సాగదీస్తాం. మాట చిన్నదే. పిలుపు పెద్దది. ఆ సాగదీతలోనే మన తొందర, మన ప్రేమ, మన కోపం అన్నీ తెలుస్తాయి. పాటలో కూడా మాటను అందుకే సాగదీస్తారు.

ఒకే మాటను ఒక్కోసారి ఒక్కో విధంగా పాడతారు. ఒక్కొక్క విధాన్ని 'సంగతి' అంటారు. మొదటి సంగతి మామూలుగా ఉంటుంది. రెండోదానికి చిన్న మెలిక ఉంటుంది. మూడోదానికి ఇంకొంచెం. జడ అల్లినట్టు పాట పెరుగుతూ పోతుంది. పదిసార్లు విన్నారంటే పది జడలు చూశారన్నమాట.

కీర్తనకు మూడు భాగాలు. మొదటిది పల్లవి. రెండోది అనుపల్లవి. మూడోది చరణం. ప్రతి భాగం అయ్యాక మళ్లీ పల్లవికి వస్తారు. పొలానికి పోయినా, సంతకు పోయినా మళ్లీ ఇంటికి వచ్చినట్టు.

పాటలు కట్టినవాళ్లు

అన్నమయ్య పేరు విన్నారు కదా! ఆయనది కడప ప్రాంతంలోని తాళ్లపాక. 1408లో పుట్టాడు. 1503లో చనిపోయాడు. వెంకటేశ్వరస్వామి మీద 32 వేల పాటలు కట్టాడని చెబుతారు. దంపుళ్ల పాటలు, జోలపాటలు, ఏలపాటలు, ఇట్లా ఆడవాళ్లు పనిలో పాడుకునే వరసల్లో కూడా పాటలు కట్టాడు. ఆయన భార్య తిమ్మక్క. ఆమె 'సుభద్రా కల్యాణం' అనే కావ్యం రాసింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమే అని చాలామంది పండితులు చెబుతారు. అంటే అన్నమయ్య ఇంట్లో ఆడవాళ్ల చేతికి కూడా గంటం ఉంది.

అన్నమయ్య పాటలను ఆయన కొడుకు రాగి రేకుల మీద చెక్కించాడు. ఆ రేకులు తిరుమల గుడిలో ఒక చిన్న అరలో వందల ఏళ్లు ఉండిపోయాయి. 1922 ప్రాంతంలో వాటిని బయటికి తీశారు. చదివారు. అచ్చు వేశారు. ఇప్పుడు సుమారు 14 వేల పాటలు మనకు ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రేకుల మీద పాట ఉంది. రాగం పేరు ఉంది. కానీ ఎట్లా పాడాలో లేదు. అందువల్ల మాటలు మిగిలాయి. చాలా పాటల పాత వరసలు పోయాయి. మన కాలపు సంగీత విద్వాంసులు మళ్లీ వరసలు కట్టారు. ఇవాళ మనం వినేవి ఎక్కువగా ఆ కొత్త వరసలే. రాసింది నిలిచింది. రాయనిది పోయింది. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ చెబుతాను.

కంచర్ల గోపన్నది ఖమ్మం దగ్గర నేలకొండపల్లి. భద్రాచలం గుడి కట్టించాడు. తానీషా కాలంలో గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడు. అక్కడే దేవుడితో మొర పెట్టుకున్నాడు, దెప్పాడు, పోట్లాడాడు. అవన్నీ పాటలయ్యాయి. ఆయనే రామదాసు.

క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ అంటారు. ఆయన పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషే. అలక, ఎదురుచూపు, ఎత్తిపొడుపు, అన్నీ ఆమె నోటితోనే చెప్పించాడు.

ఇక త్యాగరాజు. ఆయన 1767లో తమిళనాడులోని తిరువారూరులో పుట్టాడు. వాళ్లది తెలుగు కుటుంబం. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండేవాడు. 1847లో చనిపోయాడు. తంబురా పట్టుకుని వీధుల్లో పాడుతూ పోయేవాడు. ఎవరు పిడికెడు బియ్యం పెడితే అవి తెచ్చుకునేవాడు. రాజు పిలిచి ధనం ఇస్తానంటే వద్దన్నాడని చెబుతారు. ఆయన పాటలు సుమారు 700 దొరికాయి. దాదాపు అన్నీ తెలుగే. ఆయన తాటాకుల మూట కట్టిపెట్టి పోలేదు. శిష్యులు విన్నారు, నేర్చుకున్నారు, రాసిపెట్టారు. అట్లా మనదాకా వచ్చాయి.

మరి తమిళ దేశంలో తెలుగు పాట ఎట్లా పుట్టింది? విజయనగరం రాజుల కాలంలో తెలుగువాళ్లు చాలామంది దక్షిణానికి వెళ్లారు. తంజావూరును నాయక రాజులు పాలించారు. వాళ్ల కొలువులో తెలుగుకు గౌరవం ఉండేది. తర్వాత మరాఠా రాజులు వచ్చారు. వాళ్లూ తెలుగును ఆదరించారు. అట్లా పాట భాషగా తెలుగు అక్కడ నిలిచింది.

ఆడవాళ్లను పాడనివ్వని చోట

ఇప్పుడు ఒక ఆడమనిషి కథ చెబుతాను. ఇది కట్టుకథ కాదు. జరిగింది.

ఆమె పేరు బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. దేవదాసి కుటుంబం. ఆ రోజుల్లో సంగీతం, నాట్యం, చదువు నేర్చిన ఆడవాళ్లు ఎక్కువగా ఆ కుటుంబాల్లోనే ఉండేవాళ్లు. లోకం వాళ్ల పాట విని తల ఊపేది. బయటికి వచ్చి వాళ్లనే చిన్నచూపు చూసేది.

నాగరత్నమ్మ మద్రాసు చేరింది. పెద్ద పాటగత్తె అయింది. బాగా సంపాదించింది. ఆమెకు తెలుగు, సంస్కృతం, కన్నడం వచ్చు. ముద్దుపళని అనే పాతకాలపు కవయిత్రి రాసిన 'రాధికా సాంత్వనం' పుస్తకాన్ని 1910లో అచ్చు వేయించింది. ఆడది ఇట్లా రాయవచ్చా అని కొందరు గొడవ చేశారు. ఇంగ్లీషు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. "మగవాళ్లు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే ఎట్లా వచ్చింది?" అన్నది నాగరత్నమ్మ వాదన. ఆ నిషేధం 1947లో గాని పోలేదు.

తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని ఆమెకు తెలిసింది. ఆమె వెళ్లింది. స్థలం కొన్నది. తన సొమ్ము పెట్టింది. గుడి కట్టించింది. 1925లో అది పూర్తయింది.

గుడి కట్టింది ఆడమనిషి. కానీ అక్కడ ఏటా జరిగే ఆరాధన ఉత్సవంలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు! అప్పుడు ఉత్సవం నడిపేవి మగవాళ్ల జట్లు.

నాగరత్నమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్లను పోగు చేసింది. వేరే జట్టు కట్టింది. అదే గుడి దగ్గర ఆడవాళ్ల చేత పాడించింది. ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. చివరికి 1940 ప్రాంతంలో జట్లన్నీ కలిశాయి. ఒకే ఉత్సవం అయింది. ఆడవాళ్లకూ పాడే చోటు దొరికింది.

ఆమె ఇంకో పని చేసింది. తన ఆస్తిని ఆ గుడికి, ఆ ఉత్సవానికి వీలునామా రాసింది. అక్కడ ఆడవాళ్లకు పాడే హక్కు ఉండాలని అందులో రాయించింది. నోటిమాటతో వదిలిపెట్టలేదు. కాగితం మీద పెట్టింది. 1952లో ఆమె చనిపోయింది. ఆమె సమాధి త్యాగరాజు గుడి దగ్గరే ఉంది.

ఇప్పటికీ ఏటా పుష్య బహుళ పంచమి నాడు వందల మంది అక్కడ చేరతారు. ఆడా మగా కలిసి కూర్చుంటారు. త్యాగరాజు రాసిన ఐదు పెద్ద కీర్తనలు కలిసి పాడతారు. వాటిని పంచరత్నాలు అంటారు. చివరిది శ్రీరాగం. లోకంలో ఉన్న గొప్పవాళ్లందరికీ అందులో దండం పెడతాడు త్యాగరాజు. ఆ గొప్పవాళ్లలో నాగరత్నమ్మను కూడా నేను లెక్క వేసుకుంటాను.

తల్లి నేర్పిన పాట

ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1916లో మదురైలో పుట్టింది. తల్లి షణ్ముఖవడివు వీణ వాయించేది. అమ్మమ్మ వయొలిన్ వాయించేది. మొదటి గురువు తల్లే. సుబ్బులక్ష్మి మాట్లాడే భాష తమిళం. అయినా తెలుగు పాటలోని ప్రతి మాటా అర్థం తెలుసుకుని, స్పష్టంగా పలికేది. అన్నమయ్య పాటలు పాడి ఇంటింటికీ చేర్చింది. 1966లో అమెరికాలో ఐక్యరాజ్యసమితి సభలో పాడింది. 1998లో ఆమెకు భారతరత్న ఇచ్చారు. సంగీతానికి భారతరత్న రావటం అదే మొదలు. 2004లో ఆమె చనిపోయింది.

మన సన్నాయి, అంటే నాదస్వరం సంగతి చూడండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గొప్ప నాదస్వర విద్వాంసుడు. ముస్లిం ఇంట పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. త్యాగరాజు కీర్తనలు వాయించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ. వీళ్లు భార్యాభర్తలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం ఊదాలంటే ఊపిరి బలం కావాలి, అది మగవాళ్ల పని అనేవాళ్లు. కలీషాబీ ఊది చూపించింది. పాటకు మతం అడ్డం కాదు. ఆడ, మగ తేడా అడ్డం కాదు.

వాయిద్యాలు ఎక్కడివి?

వీణ పనసకర్రతో చేస్తారు. బొబ్బిలి వీణను ఒకే మానులోంచి తొలుస్తారు. చేసేది పల్లెల్లోని చేతిపనివాళ్లే. మృదంగం కూడా పనసకర్రే. రెండు వైపులా తోలు. ఎడమ వైపు తోలు మీద రవ్వ తడిపి ముద్దగా అంటిస్తారు. ఉప్మా రవ్వే! అప్పుడు 'ధొం' అని నిండుగా పలుకుతుంది. ఘటం అంటే మట్టికుండ. వయొలిన్ మాత్రం తెల్లవాళ్ల దేశం నుంచి వచ్చింది. 200 ఏళ్లుగా మనదైపోయింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని వాయించి పేరు పొందాడు.

కర్ర, తోలు, మట్టి. అన్నీ మన చేతుల మీదుగా వచ్చినవే. మరి పాట మనది కాకుండా ఎట్లా పోతుంది?

ఎట్లా మొదలుపెట్టాలి?

మొదటి రోజే గంట కచేరి వినకండి. ఒక్క కీర్తన చాలు. పొద్దున పని చేసుకుంటూ రేడియోలో భక్తి పాటలు వినండి. అన్నమయ్య, రామదాసు పాటలతో మొదలుపెట్టండి. అవి తేలిగ్గా అందుతాయి. తర్వాత త్యాగరాజు.

ఒకే పాటను వారం రోజులు వినండి. మొదటి రోజు మాటలు వినండి. రెండో రోజు తాళం వేయండి. మూడో రోజు పల్లవి ఎక్కడ తిరిగి వస్తోందో చూడండి. వారానికి ఆ పాట మీ నోట్లో ఆడుతుంది.

ఇప్పుడు మీకు చదవటం వచ్చు. కీర్తనల పుస్తకం కొనండి. గ్రంథాలయంలో కూడా దొరుకుతుంది. పాట వింటూ మాటల కింద వేలు పెట్టుకుని చదవండి. ఇంట్లో ఫోను ఉంటే పాట పేరు తెలుగులో రాసి వెతకండి. ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

చివరిగా ఒక పని

ఇందాక ఒక మాట గుర్తుంచుకోమన్నాను. రాసింది నిలిచింది. రాయనిది పోయింది.

మన అమ్మమ్మలు, నాయనమ్మలు వందల పాటలు పాడారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, జోలపాటలు. వాళ్లకు రాయటం రాదు. వాటికి రాగి రేకులు లేవు. వాళ్లతోపాటే ఎన్నో పాటలు పోయాయి. కొన్ని ఇంకా మీ నోట్లో ఉన్నాయి.

మీ చేతిలో ఇప్పుడు పలక ఉంది. పుస్తకం ఉంది. వచ్చే వారం కేంద్రానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పాట రాసుకుని రండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం. పాట కింద మీకు ఎవరు నేర్పారో వాళ్ల పేరు రాయండి. పక్కన మీ పేరు రాయండి.

పాట వినండి. పాడండి. రాయండి.

సెలవు.

మాట్లాడుకోండి

1. శ్రుతి అంటే ఏమిటి? లయ అంటే ఏమిటి? మీ పనుల్లో లయ ఎక్కడెక్కడ ఉంది?
2. మోహన రాగంలో ఉన్న ఐదు స్వరాలు ఏవి?
3. అన్నమయ్య పాటల మాటలు ఎట్లా మిగిలాయి? పాత వరసలు ఎందుకు పోయాయి?
4. నాగరత్నమ్మ వీలునామాలో ఆడవాళ్ల హక్కు గురించి ఎందుకు రాయించింది?
5. మీ ఊళ్లో ఆడవాళ్లు పాడే పాటలు ఏవి? వాటిలో ఎన్ని ఎవరైనా రాసిపెట్టారు?